నక్క వంతు

ఒకప్పుడు నిజాం వేటాడిన వనస్థలిపురం జింకల పార్కులో ఆ సాయంత్రం నక్క వంతు సాధనకొచ్చింది. సరదాకి సొంత రేడియోల్లో మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్ల ఆట అది. నక్క అయినవాళ్లు ఒక్కరే పొదల్లో దాక్కొని రేడియో బటన్ నొక్కి మాట్లాడుతుంటే, మిగతావాళ్లు ఏంటెనాలు తిప్పుకుంటూ ఆ మాట వచ్చే దిక్కు పట్టి వెతుక్కుంటూ రావాలి. కట్టుబాటు ప్రకారం ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టేశారు.

పొద్దు గూకాక సాధన బటన్ నొక్కి మాట్లాడుతుంటే దూరంగా డప్పు మోగింది.

"బాల్‌రాజన్నా, నిజాం వేటకొచ్చినట్టు డప్పు గూడ తెచ్చిన్రా ఏంది?" అని నవ్వింది సాధన.

"డప్పెక్కడిది చెల్లె? మేమంత ఎతుకుడు బంద్ జేసి గేటు కాడ చాయ్ తాగుతున్నం. చీకటైంది, ఇగ ఒచ్చెయ్," అన్నాడు రేడియోలో, వెతికేవాళ్లలో పెద్దవాడైన బాల్‌రాజు.

ఎటు చూసినా ఒకే తీరు తుమ్మపొదలు. "తొవ్వ తెలుస్తలేదన్నా," అంది. ఆ మాట అంటుండగానే డప్పు చప్పుడు దగ్గరికొచ్చింది. బటన్ వదలగానే ఆగింది.

మళ్లీ నొక్కింది. "అన్నా, ఎవరో..."

ఈసారి డప్పు ఆ పక్క పొద వెనకే మోగింది. బటన్ వదిలేసింది. అడవంతా గప్‌చిప్.

"పరేషాన్ గాకు చెల్లె. నువ్వు మాట్లాడుతనే ఉండు, నీ మాట పట్టుకొనే మేమొస్తం. ఊకుంటే ఈ చీకట్ల నిన్నెట్ల దొరకవడ్తం?"

సాధన బొటనవేలు బటన్ నొక్కకుండా దాని మీదే ఆగిపోయింది.

"మాట్లాడు చెల్లె, జర ఒక్క మాట..." బాల్‌రాజు గొంతు బతిమాలుతోంది.

పొద వెనక ఎవరో డప్పు తోలును అరచేత్తో మెల్లగా నిమురుతూ, ఆ ఒక్క మాట కోసమే కాచుకొని ఉన్నారు.