పది నిమిషాల వేడి

మా తోడల్లుడు కొత్త కారు కొని, సరిగ్గా నా మెకానిక్ షెడ్డు ముందే తెచ్చి ఆపాడు. ఇరవై ఏళ్లుగా జనాల కార్ల కింద దూరి పడుకుంటూ, ఇంకా పాత కారుతోనే నెట్టుకొస్తున్న నాకు కడుపు భగ్గుమంది.

"దీన్నెలా చూసుకోవాలి తమ్ముడూ?" అని అడిగాడు.

"రోజూ పొద్దున్నే స్టార్ట్ చేసి పది నిమిషాలు అలాగే ఉంచు అన్నయ్యా. ఇంజన్ వేడెక్కకుండా కదిలించావో, బండి షెడ్డుకే!"

పచ్చి అబద్ధం. ఇప్పటి ఇంజన్లకి అర నిమిషం చాలు. పెట్రోలు తగలబడనీ, ఆఫీసుకి ఆలస్యమవనీ అనుకున్నాను. ఆయన తు.చ. తప్పకుండా పాటించాడు.

నెల తర్వాత మా ఆవిడ వాళ్లక్క ఇంట్లో రెండు రోజులుండి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ముభావంగా ఉంది.

"ఏమైంది? కారు పాడైందా?" అన్నాను ఆశగా.

"కారుకేం, బ్రహ్మాండంగా ఉంది. ఇంజన్ వేడెక్కేదాకా బావ అక్కని పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్తున్నాడు. రోజూ పది నిమిషాలు. పెళ్లయ్యాక అంతసేపు మాట్లాడుకోవడం ఇప్పుడేనట."

నేను తుడిచిన స్పానర్నే మళ్లీ తుడిచాను. ఆవిడ గొంతులోని కుళ్లు నాకు బాగా తెలిసిందే.

"మన పాత కారుకి ఆ వేడి అక్కర్లేదా?" అంది.