నాలుగో స్లయిడు

“మేడమ్, మైకు నోటికి దగ్గరగా పెట్టుకోండి! ఏమీ వినపడట్లేదు!”

వెనక వరస నుంచి కేక.

జాయ్సీ గొంతు పెంచింది. “అందరికీ నమస్కారం. నేను...”

“ఒక్క నిమిషం అమ్మా,” అని చైర్మన్ అనంతపద్మనాభం గారు అడ్డొచ్చారు. “అతిథిని పరిచయం చెయ్యకుండా మొదలుపెడితే ఎలాగండీ? ఏలూరు మర్యాద ఏం కాను?”

పరిచయం మొదలైంది. అందులో చైర్మన్ గారి తాతగారు వచ్చారు. తాతగారి చేపల చెరువు వచ్చింది. దాన్ని పూడ్చి కాలేజీకి స్థలం ఇచ్చిన వైనం వచ్చింది. జాయ్సీ పేరు మాత్రం ఆఖర్న వచ్చింది. అదీ తప్పుగా.

పీజీ ఆర్ట్ కాలేజీలో అతిథి చిత్రకారిణి ప్రసంగం. మొత్తం ఇరవై స్లయిడ్లు. పోయిన నెల తాడేపల్లిగూడెంలో నాలుగో స్లయిడు దగ్గర మాట పెగలక, ఏడుస్తూ వేదిక దిగిపోయింది. ఇక్కడా అంతే అయితే, వచ్చే సెమిస్టర్‌లో పాఠాలు చెప్పే అవకాశం పోయినట్టే.

“మాది కైకలూరు. చేపలు పంపించే థర్మకోల్ పెట్టెల మూతల మీద బొమ్మలు వేస్తాను. ఇది మొదటి...”

“వాసన రాదా అమ్మా?” రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు ఈశ్వరప్రసాద్ గారు.

“కడుగుతానండీ.”

“ఎన్నిసార్లు?”

వెనక వరస పకపకా నవ్వింది.

రెండో స్లయిడు. చైర్మన్ గారి ఫోను మోగింది. “ఆఁ, మీటింగులో ఉన్నానండీ... అబ్బే, పర్లేదు, చెప్పండి. రొయ్య కౌంటెంత, కేజీకి ఎన్ని తూగుతున్నాయి?”

మూడో స్లయిడు. మాస్టారు మళ్లీ లేచారు. “ప్రశ్న కాదనుకోండి, చిన్న సూచన.” చిన్న సూచన ఆరు నిమిషాలు నడిచింది. సారాంశం ఏమిటంటే, వాళ్ల మనవరాలి బొమ్మ వేసిపెట్టాలి. మూత మీద వద్దు, మంచి కాగితం మీద.

జాయ్సీ చెవులు వేడెక్కాయి. రాసుకున్న కాగితాలు చేతిలో నలిగిపోతున్నాయి.

నాలుగో స్లయిడు.

“మెమెంటో ఇప్పుడే ఇచ్చేద్దామా అమ్మా? ఫొటోగ్రాఫర్‌కి దెందులూరులో ఇంకో ఫంక్షన్ ఉందట,” అన్నారు చైర్మన్ గారు.

“టీ ఎప్పుడండీ?” అని వెనక వరస.

కళ్లలో నీళ్లు తిరిగాయి. అచ్చం తాడేపల్లిగూడెంలో లాగే. కానీ ఈసారి కాళ్లు కదల్లేదు. కాగితాలు విసిరి కొట్టింది.

“మెమెంటో లేదు, టీ లేదు! మా నాన్న ప్రభుదాసు ముప్పై ఏళ్లు ఆ పెట్టెలకి మూతలు బిగించారు. పెట్టె మీద తూకం రాస్తారు, ఊరు రాస్తారు. ఐసులో చేతులు పెట్టి వేళ్లు తిమ్మిరెక్కినవాళ్ల సంగతి ఎవరూ రాయరు. అందుకే మూతల మీద వాళ్ల ముఖాలు వేస్తున్నాను. పెట్టె తెరవాలంటే ముందు ఆ ముఖం చూడాలి. ఇక ఐదో స్లయిడు. నోరు మూసుకుని చూడండి!”

ఐదు దాటింది. పది దాటింది. ఇరవయ్యోదీ అయిపోయింది. దగ్గు కూడా వినపడలేదు.

తర్వాత చప్పట్లు.

“ఆ ‘నోరు మూసుకోండి’ ఒక్కటీ వదిలేసి, రేపు కాలేజీలో మిగతాదంతా ఇలాగే చెప్పెయ్,” అంటూ, ఇంతసేపూ చైర్మన్ గారూ మాస్టారూ వెనక వరసా అన్నీ తానే అయిన బాబీ, ఆమెకు తాళి కట్టి నలభై రోజులైన మొగుడు, మంచం మీంచి కిందికి దూకాడు.