గుమ్మం మీది రాగి రేకు

“అల్లుడుగారూ, ముందు ఆ స్టూలు దిగండి!” అని అరిచాడు సోమేశ్వరరావు.

కొండాపూర్ ఫ్లాటులో, గుమ్మం పైన కొట్టిన రాగి యంత్రాన్ని ఊడబీకుతున్నాడు అవినాష్.

“ల్యాప్‌టాప్ పెనంలా కాలిపోయి, ప్రతి మీటింగులో సగంలోనే ఆరిపోతోంది మావయ్యగారూ. ప్రాసెసర్ వేడిని లాగెయ్యడానికి రేకు కావాలి.”

“కంపెనీ కొత్తది ఇవ్వదా?”

“అడిగితే, ఏసీ వేసుకుని కూర్చోమన్నారు.”

“పోనీ, వంటింట్లో అల్యూమినియం మూత ఉందిగా?”

“రాగి అయితే ఇంకా తొందరగా లాగుతుంది.”

“మీ ఉద్యోగం పోకుండా సిద్ధాంతిగారు పూజచేసి ఇచ్చిన యంత్రమండీ అది!”

“అక్కడ వేలాడుతూ అది చేసేదేముంది? లోపలికొచ్చి పని చెయ్యమనండి.”

రేకు కత్తిరించి, వేడిని దాటించే పేస్టు పూసి, ప్రాసెసర్ మీద బిగించాడు. మీటింగ్ మొదలైంది. తెర మీదికి హెచ్ఆర్ రోహిణి వచ్చింది. పావుగంటైనా ల్యాప్‌టాప్ ఆరలేదు. అవినాష్ మామగారి వైపు గర్వంగా చూశాడు.

“హమ్మయ్య, ఇయ్యాల కట్ కాలేదు అవినాష్ గారూ,” అంది రోహిణి. “నెల నుంచి మీకో మాట చెప్దామని చూస్తున్నం. వీడియోలో ముఖం చూసి చెప్పాకే ఉద్యోగంలోంచి తియ్యాలని మా రూలు. చెప్పేలోపే మీరు మాయమైపోతుండె. సారీ అండీ, ఇయ్యాలే మీ లాస్ట్ డే.”

అవినాష్ కీబోర్డు మీద అరచెయ్యి ఆనించాడు. ఎంతసేపు అదిమిపట్టినా చల్లగానే ఉంది.