వంగి చూస్తే

షెడ్డు తలుపు తీయగానే కంపు గుప్పుమంది. కారు కొనడానికి వచ్చినాయన జేబురుమాలుతో ముక్కు మూసుకున్నాడు.

“ఎన్నాళ్లయిందమ్మా ఈ తలుపు తీసి?”

“ఇరవై రెండేళ్లు,” అంది ఇల్లాలు.

టార్పాలిన్ పట్టుకుని లాగింది. దుమ్ములోంచి కారు బయటపడింది. ఇంగ్లండులో తయారైన పాతకాలపు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, నేలబారు బండి, ముందు పొడుగాటి బానెట్. ఆ బానెట్ ఇప్పుడు అప్పడంలా ముడతలు పడి ఉంది. సీట్లలో ఎలుకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, చచ్చి ఎండిపోయి కూడా చాలాకాలమైనట్టుంది.

“ఛీ ఛీ!” అన్నాడాయన.

ఆయన్ని అందరూ సారు అంటారు. సర్కారు ఉద్యోగంలో రిటైరయ్యాక ఇలాంటి బళ్లు కొని, బాగుచేయించి, షోకిలా రాయుళ్లకు అమ్ముతున్నాడు. మనిషి శుభ్రం, మాట కటువు. చెత్తపని చూస్తే తనకు ఒళ్లు మండుతుందని ఆయనే అందరికీ చెప్పుకుంటాడు.

“ఇంతకీ నా గురించి మీకెవరు చెప్పారు?”

“మీ పేరు మా ఇంట్లో అందరికీ తెలుసండి.”

సారు గొంతు సవరించుకున్నాడు. ఆ మాట ఆయనకు బాగానే ఎక్కింది.

షెడ్డు మూల కుర్చీలో ఇల్లాలి అత్తగారు కూర్చుని ఉంది. చేతికర్ర మీద గడ్డం ఆనించి, కళ్లార్పకుండా కారునే చూస్తోంది.

“ఈ కంపులో పెద్దావిడెందుకమ్మా?”

“నేనే రమ్మన్నానండి.”

సారు చిన్న సుత్తి తీసి కారు తలుపు కింద తట్టాడు. ఠంగుమనాల్సిన చోట దబ్బుమంది. ఇంకోసారి తట్టాడు. అరచేయంత లప్పం ఊడి కిందపడింది. లోపల ఉండలు చుట్టిన పాత న్యూస్ పేపరు.

“చూశారా! రేకు పోయిన చోట ఎవడో మెకానిక్కు కాగితాలు కుక్కి, లప్పం మెత్తి, పైన రంగు కొట్టాడు. శవానికి పౌడరద్దినట్టు!”

కారు లోపల కాళ్ల దగ్గర పట్టా ఎత్తి చూశాడు. నూనె డబ్బా కోసి అడుగు చిల్లులకు అతికించారు. డబ్బా మీది పువ్వు బొమ్మ కూడా చెరగలేదు. సారు మొహం జుగుప్సతో వంకర్లు పోయింది.

“చూసినకాడికి చాలమ్మా. ఏదో తుక్కు రేటు ఇచ్చి పట్టుకుపోతాను.”

“రేటు మీరెంతంటే అంతే. కింద కూడా చూడండి.”

గోనెపట్టా అప్పటికే పరిచి ఉంది. బేరమాడని మనిషిని కాదనలేక, సారు గొణుక్కుంటూ టార్చిలైటుతో కారు కిందికి దూరాడు. కాసేపటికి లోపల్నుంచి కేక వినిపించింది.

“ఓరి పాపిష్టోడా!”

బయటికొచ్చాడు. చేతిలో జానెడు రబ్బరు గొట్టం. దానికి తుప్పుపట్టిన ఇనపతీగ వేలాడుతోంది.

“బ్రేకు పైపును తుప్పు తినేస్తే, కొత్తది వేయకుండా ఈ గొట్టం తొడిగి తీగతో కట్టాడు. నాలుగుసార్లు గట్టిగా తొక్కితే ఊడొస్తుంది. ఊడే ఉంది.”

“ఊడితే?” పెద్దావిడ మొదటిసారి నోరు విప్పింది.

“ఊడితే ఏముందండీ, బండి ఆగదు.”

“నడిపేవాడు తాగి ఉండబట్టి కాదా?”

“తాగినా తాగకపోయినా ఒకటే. దేవుడు దిగొచ్చి నడిపినా ఆగదు.”

పెద్దావిడ చేతికర్ర జారి కిందపడింది. ఇల్లాలు దాన్ని తీసి ఆమె చేతికిచ్చి, సారువైపు తిరిగింది.

“ఈ కారు మా ఆయన ముచ్చటపడి కొన్నారండి. మూడు వారాలు కాకముందే వాళ్ల తమ్ముణ్ని ఎక్కించుకుని వెళ్తుంటే, వంతెన దిగేచోట గోడకు కొట్టుకుంది. మరిది అక్కడికక్కడే పోయాడు. బ్రేకు పడలేదని ఈయన నెత్తీనోరూ బాదుకున్నారు. తాగి నడిపాడన్నారందరూ. జైల్లో వేశారు. తిరిగొచ్చాక షెడ్డు తాళం తీయనివ్వలేదు. ‘రుజువైతే తమ్ముడు లేచొస్తాడా’ అనేవారు. పోయినేడాది ఆయన పోయేదాకా అత్తయ్య ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు.”

“అప్పుడు బండి కింద ఎవరూ చూడలేదా?”

“ఎందుకు చూస్తారండీ? అన్నీ సవ్యంగా ఉన్నాయని, అమ్మే ముందు బళ్లు పరీక్షించే ఆఫీసువాళ్లు కాగితమిచ్చారు. కోర్టు ఆ కాగితాన్నే నమ్మింది.”

సారు మొహం ఎర్రబడింది.

“ఇందాకట్నుంచీ ఆ మెకానిక్కును తిడుతున్నాను గానీ, వాడే నయం. వాడిది కక్కుర్తి. ఈ కాగితమిచ్చినవాడున్నాడే, వాడు మనిషి కాదు. ఒక్కసారి వంగి చూస్తే కనపడేది! బండి మొహమైనా చూసుండడు. కుర్చీ దిగకుండా గీకిపారేసుంటాడు. అలాంటి వెధవల్ని నేనెంతమందిని చూశానో! మొహాన ఉమ్మేసినా పాపం లేదు.”

పెద్దావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. పెద్దకొడుకును పేరుపెట్టి పిలుస్తోంది.

“మీరు చూసింది ఒక కాగితం మీద రాసిస్తారా సారూ?” అడిగింది ఇల్లాలు.

“రాసివ్వకేం? ఏ కోర్టుకైనా వచ్చి చెబుతాను.”

నుజ్జయిన బానెట్ మీదే కాగితం పెట్టుకుని, గొట్టం సంగతి, తీగ సంగతి పూస గుచ్చినట్టు రాశాడు. అడుగున విసురుగా సంతకం చేశాడు.

ఇల్లాలు ఇరవై రెండేళ్ల నాటి కాగితం తెచ్చి దాని పక్కనే పరిచింది. రెండింటి మీదా ఒకటే సంతకం.