గాజుపెట్టెలో అరటిపండు

నేను కంటికి రెప్పలా పెంచిన టొమాటో మొక్కలు బూజు తెగులు వదిలే విషాన్ని తట్టుకుంటాయని అందరికీ చెప్పుకున్నాను. నిన్న వాటికి ఆ విషం పట్టించి గాజుపెట్టెలో పెట్టాను. ఈ ఉదయం చూస్తే ఆకులన్నీ మాడిపోయి ఉన్నాయి.

“పోనీలేవే, రేపు డైరెక్టర్‌గారికి నా మొక్కలు చూపిద్దాం,” అంటూ భుజం నిమిరింది సీనియర్ అక్క. ల్యాబులో నాకు ఓనమాలు నేర్పింది తనే.

కుండీలు బయటికి తీస్తుంటే వెనక బాగా మగ్గిన అరటిపండు దొరికింది. పండు వదిలే ఇథిలీన్ మొక్కలకు హార్మోన్. అది తోడైతే, మామూలుగా తట్టుకునే విషానికే కణాలు చచ్చిపోతాయి. ఈ గదిలోకి పళ్లు తేవద్దని మొదటిరోజే చెప్పిందీ అక్కే.

తొక్క మీద పెన్నుతో గీసిన నవ్వుమొహం ఇంకా చెరగలేదు. మొన్న క్యాంటీన్‌లో అక్క “ఏమీ తినలేదే, కళ్లు తిరుగుతున్నాయి” అంటే, నవ్వించాలని బొమ్మ గీసి ఆ పండు ఇచ్చింది నేనే.