పాటలెక్కించిన చిప్పు

"గంగులు మావా, నీకో మాట సెప్పాలి," అన్నాడు ఎలీషా. అలా అనడం అప్పటికి చాలాసార్లయింది.

గంగులు ఇసకలో కూచుని వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తలేదు. తప్పు గంగులుది కాదు, ఇంజనుది. పడవలో డీజిలింజను పక్కన కూచుని కూచుని, ఆ మనిషి చెవులు రెండూ సముద్రానికి మొక్కు చెల్లించేశాడు. పిడుగు పడితే "ఎవుడ్రా తలుపు కొట్టింది?" అన్నాడని కళింగపట్నంలో చెప్పుకుంటారు. అబద్ధం. తలుపు బద్దలు కొట్టినా అడగడు.

ఎలీషాకి అదే ప్రాణం మీదికొచ్చింది. తప్పు ఒప్పుకోవడమంటే చెవిలో గొణిగి, తల దించుకుని, చక్కా పోయే పని. గంగులు దగ్గర ఆ వీలు లేదు. ఒప్పుకుంటే రేవంతా వినేలా అరిచి ఒప్పుకోవాలి. అటు చేపలెండబెడుతున్న ఆడవాళ్లు, ఇటు పడవ నీడన పేకాడుతున్న మగవాళ్లు.

ఎలీషా బాప్టిస్టు బడి మాస్టారి కొడుకు. విశాఖపట్నంలో ఫోన్లకి యాప్‌లు రాసే ఉద్యోగం. సొంతూరి పడవల కోసం ఓ యాప్ చేసిపెట్టాడు. చేపలు పడ్డ చోట వేలితో నొక్కితే చాలు, మళ్లీ వెళ్లినప్పుడు ఫోనే దారి చూపిస్తుంది. ఎవరి చోటు వాళ్ల పాస్‌వర్డు కొడితేనే కనబడుతుంది. తాళమంటే తాళమేనని ఎలీషా ఊరంతా చాటాడు. ఆ మాట నమ్మి గంగులు పనిగట్టుకుని ఫోను కొన్నాడు.

గంగులు చోటు అలాంటిలాంటిది కాదు. నీటి అడుగున రాతిగుట్ట. అక్కడ చేపలు వాటంతటవే పడవెక్కి "కాస్త జరుగు" అంటాయని గంగులే చెప్పేవాడు. తండ్రి ఆ గుట్టని పెద్దకొడుకైన గంగులుకి మాత్రమే చూపించి పోయాడు. దాంతో తమ్ముడు జగన్నాధం తగువుకొచ్చాడు. మాటా మాటా పెరిగింది. "నా తమ్ముడికి ఆ చోటు నోటితో సెప్పను, సేత్తో సూపించను" అని గంగులు గంగమ్మ తల్లి ముందు ఒట్టేశాడు. జగన్నాధమూ తక్కువ తినలేదు. పిలిచి చెప్పినా విననన్నాడు. అప్పట్నించీ ఒకే రేవులో ఇద్దరూ ఎడమొహం పెడమొహం.

యాప్‌లో చోటు పెట్టించుకున్న రోజు గంగులు ఒకటే అడిగాడు, ఈ పాస్‌వర్డు ఎక్కడ ఉంటాదని. ఫోన్లో వేసిన చిప్పులో ఉంటుందని ఎలీషా అరిచి చెప్పాడు. ఎవుడికైనా కనబడతాదా అని గంగులు మళ్లీ అడిగితే, కంప్యూటర్లో పెట్టి వెతికితే తప్ప కనబడదని నవ్వేశాడు. పాస్‌వర్డుని అలా ఉత్త అక్షరాల్లో వదలకూడదని, ఎవరికీ అర్థంకాని గీతల్లా మార్చి దాయాలని ఎలీషాకి తెలుసు. తరవాత చూద్దాంలే అనుకున్నాడు. ఆ తరవాత రానే లేదు.

ఊళ్లో ఫోన్లకి పాటలెక్కించే కొట్టు ఒకటే ఉంది. అది జగన్నాధం అల్లుడిది. ఊరందరి చిప్పుల్లాగే గంగులు చిప్పూ అక్కడికెళ్లింది. కంప్యూటర్లో పెట్టగానే ఎలీషా ఫైలు పళ్లికిలించింది. పాస్‌వర్డు బుల్లమ్మ. అన్నదమ్ములిద్దర్నీ కన్నతల్లి పేరు.

ఆ పేరు యాప్‌లో కొడితే చోటు కనబడింది, జగన్నాధం పడవ గుట్ట మీదికి పోయింది. ఆ అల్లుడే నిన్న ఎలీషా భుజం తట్టి, "బలే తాళం ఏసినావు బావా, తాళంచెవి గుమ్మానికే కట్టీసినావు," అన్నాడు. ఆ తట్టిన చోట ఎలీషాకి ఇంకా మండుతూనే ఉంది.

ఇక లాభం లేదని ఎలీషా గొంతు పెంచాడు. "నీ పాస్‌వర్డు నా వల్లే బయటపడింది మావా. దాయకుండా వదిలీసాను."

పేకాట ఆగిపోయింది. చేపల దగ్గర ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. గంగులు పెళ్లాం జగ్గమ్మ చేతిలో తట్ట కింద పెట్టి వచ్చింది.

"మాస్టారి కొడుకువి. ఇంత సదువు సదివి తలుపుకి గెడెట్టడం తెల్దేటి నీకు?" అంది.

ఎలీషా ఇసకలోకి చూస్తూ నిలబడ్డాడు. తండ్రి పేరు కూడా ఆ ఇసకలోనే కలిసినట్టనిపించింది. తిడితే బాగుండునని గంగులు వైపు చూశాడు. గంగులు చేతిలో పని ఆగింది.

"ఎవుడికి తెలిసింది?"

"జగన్నాధం మావకి."

"పడవ నిండినాదా?"

"నిండింది."

"అమ్మీస్తానన్నాడు కదా పడవ. పారాదీపు పోయి కూలి సేస్తానన్నాడు."

"మానుకున్నాడట మావా."

గంగులు సముద్రం వైపు తిరిగి, "నేను నోటితో సెప్పినానేటి?" అన్నాడు.

"లేదు మావా."

"సేత్తో సూపించినానేటి?"

"లేదు." పాపం, ఒట్టు తప్పితే గంగమ్మ ఏం చేస్తుందోనని భయపడుతున్నాడు అనుకున్నాడు ఎలీషా. తన తాత్సారం ముసలాయన్ని దేవత దగ్గర కూడా దోషిని చేసిందే అని బాధపడ్డాడు. "తప్పంతా నాది మావా. నీది ఏటీ లేదు," అని మళ్లీ అరిచాడు.

గంగులు మొలలోంచి ఫోను తీసి ఎలీషా చేతిలో పెట్టాడు. "అయితే ఇప్పుడెయ్యి, గట్టి తాళం," అని మళ్లీ వల అందుకున్నాడు.

ఎలీషా పడవ చాటుకు పోయి ఫోను తెరిచాడు. ఫైలు చెరిపేద్దామని చిప్పులోకి చూశాడు. ఖాళీ అన్నది లేదు, చిప్పు నిండా పాటలే. ఒక్కటి కూడా మోగించిన జాడ లేదు. ఎలీషా తలెత్తి గంగులు కేసి చూశాడు.

చెవిటి మనిషికి పాటలెందుకు?