ఎదురు దుకాణం

“ఊరంతా వదిలేసి నా కొట్టుకి ఎదురుగానే దొరికిందా మీకు చోటు?”

మెకానిక్ రోడ్డు దాటొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. కాలిబాట మీద రెండు బల్లలు, వాటి వెనక యూనిఫారాల్లో నలుగురు హైస్కూలు పిల్లలు. బల్లకి వేలాడేసిన అట్టముక్క మీద పెద్ద పెద్ద అక్షరాలు: ‘ఏ వస్తువైనా బాగుచేస్తాం. తోచినంత డబ్బాలో వేయండి.’ అప్పటికే పదిమంది ఫ్యాన్లూ, ఇస్త్రీపెట్టెలూ చంకన పెట్టుకుని వరస కట్టారు. అందులో సగం మంది అతని పాత గిరాకీలే. చూసేసరికి ఒళ్ళు మండిపోయింది.

“ఇవాళొక్కరోజే అంకుల్,” అంది కళ్ళజోడు పిల్ల. ఆ జట్టుకి ఆ అమ్మాయే పెద్ద. “మేం మెట్లెక్కే బండి తయారుచేశాం. ఇంజనీరింగ్ పోటీకి ఎంపికైంది. సాయంత్రం అయిదులోపు ప్రయాణం ఖర్చులు కట్టకపోతే మా చోటు ఇంకో స్కూలుకి ఇచ్చేస్తారు. ఇంకా సగం తక్కువైంది.”

“అందుకని నా పొట్ట కొడతారా? మొన్న చందాకొస్తే లేదన్నానని కక్షా?”

“అయ్యో, కక్షేంటంకుల్...”

“రండి, ఇటు రండి,” కొట్టులోంచి భార్య కేకేసింది. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఆవిడే. “పిల్లలతో మీకేంటి? చేసుకోనీండి వాళ్ళ పాట్లేవో.”

మెకానిక్ గొణుక్కుంటూ వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. కొట్టులో ఈగ కూడా వాలడం లేదు. పనిలేని కళ్ళు మాటిమాటికీ రోడ్డవతలికే పోతున్నాయి.

“అదిగో, ఫ్యాను షాఫ్టు మీదికి సుత్తి తీస్తోంది ఆ కళ్ళజోడు పిల్ల.”

“తియ్యనీండి,” పేపరు తిరగేస్తూ అంది భార్య. “మన ఫ్యానా ఏమన్నానా?”

“అది దర్జీది. నేనే రెండుసార్లు బాగుచేశాను. షాఫ్టు తిరిగే బుష్ ఎండిపోయి బిగిసింది, అంతే. ఒక్క చుక్క నూనె చాలు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రంలా ఆ సుత్తేంటి?”

“ఏదైతే మనకేంటి. మీరు మాత్రం వెళ్ళకండి, పరువు తక్కువ.”

సుత్తి గాల్లోకి లేచింది. మెకానిక్ రోడ్డు ఎప్పుడు దాటాడో అతనికే తెలీదు.

“ఆగు తల్లీ, ఆగు. ఇటియ్యి దాన్ని.”

అక్కడే కూర్చుని చుక్క నూనె వేసి, షాఫ్టుని రెండు వేళ్ళతో అటూ ఇటూ నెమ్మదిగా ఆడించాడు. స్విచ్చి వేయగానే ఫ్యాను గిర్రున తిరిగింది. వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. వెళ్ళిపోదామని లేవబోతూ పక్క బల్ల మీది ఇస్త్రీపెట్టెని చూశాడు.

“ఈ తీగ బిగించిన మహానుభావుడెవరు? కొంప అంటుకునేది.”

ఆ తర్వాత ఇక లేవలేదు. ఒకడు మరలు విప్పుతుంటే, ఒకమ్మాయి దుమ్ము తుడుస్తుంటే, ఇంకొకడు చీటీలు రాస్తుంటే, కళ్ళజోడు పిల్ల పనిముట్లు అందిస్తుంటే, మధ్యలో కూర్చుని అందరినీ సమానంగా తిట్టిపోస్తూ పని లాగించేశాడు. “ఎలాగూ కూర్చున్నారుగా,” అంటూ భార్య పనిముట్ల పెట్టె తెచ్చి పక్కన పడేసింది. మెకానిక్కే స్వయంగా చేస్తున్నాడని తెలిసి జనం అటకల మీది సామాను కూడా దించుకొచ్చారు. మధ్యాహ్నానికి వరస వీధి మలుపు తిరిగింది. తన చేతుల వంక ఎవరైనా ఇంత శ్రద్ధగా చూసి ఎన్నేళ్ళయిందో. అతనికి లోపల్లోపల భలే సంతోషంగా ఉంది. పైకి మాత్రం తిట్లు ఆపలేదు.

నాలుగున్నరకి ఇద్దరు పిల్లలు డబ్బా పట్టుకుని స్కూలుకి పరుగెత్తారు. అయిదుకి ఇంకా పది నిమిషాలుందనగా ఫోనొచ్చింది. డబ్బు కట్టేశారు, రసీదు కూడా చేతికొచ్చింది. మిగిలిన ఇద్దరూ కాలిబాట మీదే గెంతులేశారు.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ గొంతు సవరించుకున్నాడు. “పోటీకి వెళ్ళేలోపు ఓ వారం నా కొట్టుకి రండి. షాఫ్టుని సుత్తితో కొట్టేవాళ్ళని చూస్తే అక్కడ నవ్విపోతారు.”

కళ్ళజోడు పిల్ల తల దించుకుంది. “కొట్టకూడదని మాకు తెలుసంకుల్.”

“తెలుసా?”

“తెలుసు. తీగలు బిగించడం కూడా వచ్చు. కానీ మా నలుగురి వల్లా రోజుకి పది వస్తువులే అవుతాయి. మీరు చెయ్యేస్తేనే గట్టెక్కుతాం. ఊరికే పిలిస్తే మీరు రారని, మీకు కనబడేలా పని చెడగొట్టమని...”

“ఎవరు చెప్పారు?”

ఆ పిల్ల పక్కనే పనిముట్లు పెట్టెలో సర్దుతున్న అతని భార్య వైపు ఓసారి చూసింది.

“నువ్వా?” అన్నాడు మెకానిక్.

“మరి?” అంది ఆవిడ తల కూడా ఎత్తకుండా. “ఇన్నేళ్ళుగా మనింట్లో పాడైన వస్తువులు ఎలా బాగవుతున్నాయనుకున్నారు? ప్రతిసారీ నేను స్క్రూడ్రైవర్ తిరగేసి పట్టుకుంటేనే కదా.”